ఇల్లూ ఇంటిపేరూ

ఓవెన్‌లో లైటు ఎవరు ఆర్పారని దమయంతి అడిగింది. రాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు ఖాళీ ఓవెన్‌లో లైటు ఊరికే వెలుగుతుంటే తనే ఆర్పానని శ్యామ్‌సుందర్ చెప్పాడు, ఏదో మంచిపని చేసినవాడిలా. అది ఖాళీ ఓవెన్ కాదు. అందులో ఇడ్లీపిండి గిన్నె ఉంది. మిషిగన్‌లోని ఈ నోవై ఊళ్ళో ఫిబ్రవరి నెలలో పిండి పొంగాలంటే ఆ చిన్న బల్బు వేడి తప్ప మరో దారి లేదు. పదేళ్ళుగా ప్రతి చలికాలమూ ఆ గిన్నె ఆ దీపం కిందే నిద్రపోతోంది, ఆ ఇడ్లీలు ఆయన పదేళ్ళుగా తింటున్నాడు. తెలియకపోవడం ఆమెకి ఆశ్చర్యం కాదు. తలుపు తీసి చూడకుండా ఆర్పెయ్యడమే మింగుడు పడలేదు. ముందే చెప్పి ఉండాల్సింది అని ఆయన, తలుపు తీసి చూసి ఉండాల్సింది అని ఈమె. ఇడ్లీకింత రాద్ధాంతమా, ఉప్మా చేసెయ్యరాదా అన్నాడు. ఉప్మా చేసింది. ఉల్లిపాయలు తరుగుతున్నంతసేపూ కత్తి చప్పుడు మామూలుకంటే కొంచెం ఎక్కువగానే వినబడింది. కూతురు మృదుల హెడ్‌ఫోన్లు చెవుల్లోంచి తియ్యకుండానే గిన్నెలో సీరియల్ పోసుకుని పక్కగదిలోకి తప్పుకుంది. చివరికి ఆయన కాఫీ కప్పు సింకులో పెడుతూ, "బుధవారం పరీక్ష భయమంతా పిండి మీద చూపిస్తున్నావు దమయంతీ," అన్నాడు నవ్వుతూ.

సాయంత్రం నాలుగింటికి ఐస్ రింక్ బయట వ్యాన్‌లో కూర్చున్నప్పుడు కూడా ఆ నవ్వు పంటికింద రాయిలాగే ఉంది. మృదుల లోపల స్కేటింగ్ నేర్చుకుంటోంది, క్లాసు గంటసేపు. మిగతా తల్లులు లోపల బెంచీల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. దమయంతికి వ్యానే నయం. హీటరు ఉంది, నిశ్శబ్దం ఉంది, ఒళ్ళో ప్రాక్టీసు ప్రశ్నల పుస్తకం ఉంది. అద్దం మీద మంచు సన్నగా రవ్వలాగా పడి, కరిగి, జారుతోంది. పరీక్ష భయమట. భయపడ్డ మనిషి ఎలా ఉంటుందో ఈయనకేం తెలుసు, కాకినాడలో బి.ఎస్సీ. బోటనీ ఫైనల్ ప్రాక్టికల్స్‌కి జ్వరంతో వెళ్ళినప్పుడు కూడా చెయ్యి వణకలేదు, ఎక్స్‌టర్నల్ వచ్చి భుజం మీంచి మైక్రోస్కోపులోకీ రికార్డులోకీ మార్చి మార్చి చూసి, ఏమమ్మా పుస్తకంలో బొమ్మ ఇలా లేదే అంటే, స్లైడులో ఇలాగే ఉంది సార్ అంది. వాళ్ళ లెక్చరర్ చెప్పేది అదొక్కటే. కనబడింది గియ్యండి, తెలిసింది గియ్యకండి. ఆ మాట ఇన్నేళ్ళూ ఏం పనికొచ్చింది, పప్పులో రాళ్ళు ఏరడానికీ, పిల్ల జ్వరం నుదురు తాకే చెప్పడానికీ పనికొచ్చింది. కొని తెచ్చిన చీర అంచు ఒకచోట అరంగుళం తగ్గిందని కనిపెట్టడానికి పనికొచ్చింది. ఇప్పుడు ఇళ్ళు కొనిపెట్టి, అమ్మిపెట్టే ఏజెంటు కావడానికి మిషిగన్ రాష్ట్రం పెట్టే లైసెన్స్ పరీక్షకి పనికొస్తుందేమో చూడాలి. ఒకసారి రాసింది, నవంబరులో. తప్పింది. తప్పిన సంగతి ఆ వారం శనివారం భోజనానికొచ్చిన స్నేహితుడి ముందు శ్యామ్‌సుందరే బయటపెట్టాడు, ఏదో కొత్త కారుకి గీత పడిన కబురులాగా.

ఎందుకు తప్పిందో ఆమెకి తెలుసు. లెక్కల్లో కాదు. భూమి కొలతల్లో కాదు. పక్కవాడి స్థలంలోంచి నడిచే హక్కు, తాకట్టు, వాటి పేర్లన్నీ వచ్చు. ఇంకో మాట కూడా వచ్చు, అది చదివిన రోజు పుస్తకం మూసి నవ్వుకుంది. ఈ రాష్ట్రంలో భార్యాభర్తలు కలిసి ఇల్లు కొంటే చెరిసగం కాదట, ఇద్దరికీ మొత్తం ఇల్లేనట, ఒకరి సంతకం లేకుండా ఇంకొకరు గడప కూడా అమ్మలేరట. మొత్తం ఇల్లు. అంటే మొత్తం ఓవెన్. అందులో లైటుతో సహా. అలాంటివి ఎన్ని వందలైనా గుర్తుంటాయి. తప్పింది వేరేచోట, మనుషుల దగ్గర. ఇల్లు చూడటానికొచ్చిన దంపతులు, ఈ వీధిలో మాలాంటి కుటుంబాలు ఉన్నాయా అని అడిగారు, ఏజెంటు ఏం చెప్పాలి. నాలుగు జవాబులు. దమయంతి తడుముకోకుండా మొదటిది పెట్టేది, తనకి తెలిసినంతవరకు నిజాయితీగా చెప్పాలి. తప్పు. ఒంటరి మనిషికి ఇంత పెద్ద ఇల్లెందుకని ఏజెంటు అడగవచ్చా. ఎందుకు అడగకూడదు, ఆప్యాయంగానే కదా. తప్పు. ప్రాక్టీసు పుస్తకంలో అలాంటి బిట్లు ఎక్కడ తగిలినా అక్కడ ఎర్ర గుర్తు. విమానం దిగి వచ్చిన ప్రతి కొత్త జంటకీ మొదటి పప్పూ అన్నమూ తన చేత్తోనే పెట్టింది, మీదే ఊరమ్మా, పిల్లలెందరు, అత్తగారు వస్తారా, అయితే ఈ అపార్ట్‌మెంట్లు చూసుకోండి, అందరూ మనవాళ్ళే, పిలిస్తే పలుకుతారు, అని పదేళ్ళు చెప్పిన నోరు. ఆ నోటికి ఇప్పుడు చట్టం అంటోంది, ఆ ప్రశ్నల్లో ఒక్కటీ అడగొద్దు, ఆ మాటల్లో ఒక్కటీ చెప్పొద్దు. సాయంత్రపు క్లాసులో పాఠం చెప్పిన మిసెస్ కవల్‌స్కీ, డెబ్భై ఏళ్ళు ఉంటాయి, ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క, బోర్డు మీద పెద్దగా రాసి గీత గీసింది, ఇంటి గురించి చెప్పండి, మనుషుల గురించి చెప్పకండి అని. అంటే కనబడింది గియ్యి, తెలిసింది గియ్యకు. ఇదే మాట కాకినాడలో విన్నప్పుడు వెంటనే బోధపడింది, ఇక్కడ ఒక పరీక్ష తప్పితే గానీ బోధపడలేదు.

అసలు ఆ నేరానికి ఈ దేశంలో పెట్టిన పేరే ఆమెని ముందు తప్పుదారి పట్టించింది. స్టీరింగ్. పుస్తకంలో ఆ మాట చూసి, ఇళ్ళ పుస్తకంలో కారు సంగతి ఎందుకొచ్చిందా అనుకుంది. ఇంట్లో స్టీరింగ్ ఇంజనీరే ఉన్నాడు కదా అని అడిగింది. శ్యామ్‌సుందర్ పద్దెనిమిదేళ్ళుగా కార్ల కంపెనీలకి స్టీరింగులే తయారుచేస్తున్నాడు. ఆయన సంబరపడి న్యాప్‌కిన్ మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు, మంచి స్టీరింగ్ అంటే ఏంటంటే, ఇక్కడ వేలితో తాకితే అక్కడ చక్రం తిరగాలి, ఎంత బరువు తిరుగుతోందో చేతికి తెలియకూడదు, అసలు తిప్పుతున్నట్టే ఉండకూడదు. మర్నాడు పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పితే కారు లేదు. కొనేవాళ్ళ రంగూ దేశమూ మతమూ చూసి, వాళ్ళని ఒక వీధికి తీసుకెళ్ళి ఇంకో వీధికి తీసుకెళ్ళకపోవడమట. కానీ ఆయన చెప్పిందీ తప్పు కాదు. తిప్పుతున్నట్టే ఉండకూడదు.

తిప్పినట్టు తెలియనే లేదు, పదేళ్ళ క్రితం. ఆ ఏజెంటమ్మ పేరు కూడా మర్చిపోయింది, లేతగులాబీ రంగు కోటు మాత్రం గుర్తుంది, కారులో మృదుల కోసం బిస్కట్లు పెట్టుకునేది. పేపర్లో ప్రకటన చూసి దమయంతే అడిగింది, ఊరి పాతభాగంలో ఒక ఇల్లు, దక్షిణం వైపు మొత్తం అద్దాల గది. చలికాలమంతా ఎండ. అక్కడ కరివేపాకు చెట్టు బతుకుతుంది, మల్లె బతుకుతుంది, తొట్లు వరసగా పెట్టి ఒక చిన్న కుర్చీ వేసుకుని, అంతవరకు మనసులో గీసేసుకుంది. ఆ గులాబీ కోటు మెత్తగా నవ్వి, అక్కడ మీకు ఒంటరిగా అనిపిస్తుందమ్మా, ఈ కొత్త కాలనీ చూడండి, మీవాళ్ళంతా ఇక్కడే తీసుకుంటున్నారు, ఇక్కడైతే మీకు సుఖంగా ఉంటుంది అంది. శ్యామ్‌సుందర్ ఎంత మంచావిడో అన్నాడు. ఆ మంచావిడకి దమయంతి పులిహోర చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. అద్దాల గది తలుపు కూడా తాకలేదు, లోపలికి వెళ్ళి చూసి నచ్చలేదని చెప్పే అవకాశం కూడా రాలేదు. చట్టం అప్పుడూ ఉంది. పుస్తకంలో ఉంది, ముప్ఫై అయిదేళ్ళ ముందునుంచీ ఉంది. పులిహోర. పచ్చిమిరపకాయలు కూడా తగ్గించి వేసింది, పాపం కారం తినలేదని. దమయంతి కిటికీ అద్దం మీద వేలితో ఒక గీత గీసింది. అది వెంటనే మసకబారింది.

ఆ గీతకి అటువైపు నుంచి ఎవరో తట్టారు. అనురాధ. మృదులతో పాటు స్కేటింగ్ నేర్చుకునే కావ్యశ్రీ వాళ్ళమ్మ. ఆసుపత్రి ల్యాబ్‌లో పని, నల్గొండ మనిషి, రెండు చలికాలాలుగా ఈ పార్కింగ్ లాట్‌లో పరిచయం. రెండు కాగితం కప్పులు పట్టుకుని, భుజంతో తలుపు నెట్టుకుని పక్కసీట్లో కూర్చుంది, వెంట ఇంత చలి తెచ్చింది.

"చదువుడు అయిందా అక్కా?"

"చదవడం ఎప్పుడో అయింది. పాతవి మర్చిపోవడమే మిగిలింది."

అనురాధ నవ్వి ఒక కప్పు చేతికిచ్చింది, హాట్ చాక్లెట్. కాసేపు పిల్లల సంగతి మాట్లాడుకున్నారు, కావ్య నిన్న మోకాలి మీద పడ్డ సంగతి, కోచ్ గొంతు సంగతి. తర్వాత అనురాధ కప్పు మూత తీసి మళ్ళీ పెట్టి, మంచు వైపు చూస్తూ అసలు విషయానికొచ్చింది. "కామేశ్వరి డాక్టరమ్మ ఇల్లు అమ్ముతున్నదంట గదా అక్కా. బొమ్మల కొలువుకి పోయినప్పుడు చూసిన. కావ్యకైతే ఆ మెట్ల కింది చిన్న అర్ర ఇంక కండ్లల్లనే ఉన్నది. ఏజెంట్ రాజ్ గారికి ఫోన్ చేసిన. మంచిగనే మాట్లాడిండు. ఏ ఊరన్నడు, చెప్పిన. మీ ఆయనేం చేస్తడన్నడు, విడాకులైనయి, నేను బిడ్డ అని చెప్పిన. ఇంటిపేరేందన్నడు. అది గూడ చెప్పిన. గంతే. మల్ల ఫోన్ లేదు. మొన్న మెసేజ్ పెట్టిండు, కాంటన్ దిక్కు మంచి ఇండ్లున్నయట."

దమయంతి ఒళ్ళో పుస్తకం మూసింది.

"ఇల్లు కొనేటానికి ఇంటిపేరెందుకక్కా? నేనేమన్న పెండ్లి సంబంధం అడిగిన్నా?" అంది అనురాధ. నవ్వుతూనే అంది. పొద్దుటి నవ్వుకీ ఈ నవ్వుకీ ఎంత తేడా. లైసెన్స్ వచ్చేదాకా ఎవరికీ ఏ ఇల్లూ చూపించే హక్కు తనకి లేదని దమయంతి చెప్పింది, అది నిజం, కానీ చెబుతుంటే తనకే అది చాటుకి నిలబడ్డట్టు అనిపించింది. అనురాధ తలూపింది. "తెలుసక్కా. వచ్చినంకనే చూపియ్యి. నీకు గూడ కుదరదంటే ఇప్పుడే చెప్పు, ఊకె ఆశ పెట్టుకోను," అని, కప్పు తీసుకుని దిగి, జారకుండా చిన్నచిన్న అడుగులేస్తూ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కూర్చున్నచోట సీటు మీద మంచు కరిగి తడి అయింది.

కాంటన్ వైపు, ఇంకో ఊరికి. ఆ మాట దమయంతి ముందే విన్నది, పోయిన శనివారం, తన వంటింట్లోనే. రాజ్ శ్యామ్‌సుందర్‌కి ఇంజనీరింగ్ నుంచి స్నేహితుడు, అసలు పేరు రాజశేఖర్, తెలుగు సంఘం వాళ్ళు వేసే ప్రతి పుస్తకం వెనక అట్ట మీదా కోటు వేసుకుని నవ్వుతూ ఉంటాడు, కింద మన ఇంటికి మన రాజ్ అని. ఇళ్ళు అమ్మిపెట్టే సొంత ఆఫీసు. ఆయన భార్య రేణు ఇండియా వెళ్ళినప్పటినుంచీ శనివారం రాత్రి భోజనం ఇక్కడే. దమయంతి లైసెన్స్ రాగానే ఆయన ఆఫీసులోనే చేరాలని మగవాళ్ళిద్దరూ ఎప్పుడో అనేసుకున్నారు, చేతులు కూడా కలుపుకున్నారు, ఆమె ఆ సమయానికి అప్పడాలు వేయిస్తోంది. మొదటి ఇల్లు కూడా సిద్ధం. కామేశ్వరి గారిది. ఆవిడ రిటైరైన డాక్టరు, డెబ్భై ఒకటిలో వచ్చారు, ఇప్పుడు ఇల్లు అమ్మేసి కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో కొడుకు శ్రీవత్స దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మనవాళ్ళకే ఇప్పించవయ్యా అన్నారట రాజ్‌తో. మొదట వినగానే దమయంతి తెలుగువాళ్ళకి అనుకుంది. రాజ్ గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు, మనవాళ్ళకే. గొంతు తగ్గిన తర్వాత ఆ మాట ఎంత చిన్నదైపోయిందో. పదేళ్ళ క్రితం ఈ ఊళ్ళో షాపులో చీరకట్టు కనబడితే చాలు, మనవాళ్ళు. కొంచెం మంది పెరిగాక తెలుగు వినబడితేనే మనవాళ్ళు. ఇంకొంచెం పెరిగాక ఏ జిల్లా. ఇప్పుడు గొంతు తగ్గించి, మనవాళ్ళేనా, అని. దానికి అసలు పేరు కులం. ఆ పేరు మాత్రం ఎవరూ నోటితో అనరు, ఇంటిపేరు అడుగుతారు. ఆ ఇంటికోసం అనురాధ కూడా ఫోన్ చేసిందని రాజే చెప్పాడు. మరి ఆవిడ సంగతేంటని శ్యామ్‌సుందర్ మామూలుగా కదిలిస్తే రాజ్ మామూలుగానే జవాబిచ్చాడు. ఆవిడకి కాంటన్ వైపు చూపిద్దాం, అక్కడైతే సుఖంగా ఉంటుంది.

సుఖంగా ఉంటుంది. అదే మాట. గులాబీ కోటు ఇంగ్లీషులో అన్నది, ఈయన తెలుగులో అన్నాడు. ఆ క్షణాన గరిటె పట్టుకుని అటు తిరిగి నిలబడ్డ దమయంతికి వీపు మీద చల్లగా తగిలింది ఎందుకో, ఇదిగో ఇప్పుడు తెలుస్తోంది. ఎవరి సుఖం ఎక్కడుందో వీళ్ళకెలా తెలుస్తుంది, తలుపు తీసి చూశారా. కామేశ్వరి గారికి తెలియాలి కదా, ఆవిడకైనా. మూడేళ్ళ క్రితం అదే ఇంట్లో, కొలువు మెట్ల ముందు కూర్చుని, శనగలు పంచుతూ ఆవిడే చెప్పారు, ఈ ఊరొచ్చిన కొత్తలో తనూ భర్తా, ఇద్దరూ డాక్టర్లే, ఒక ఇల్లు చూడబోతే గుమ్మంలోనే, అయ్యో, అమ్ముడైపోయింది అన్నారట, ఆ ఇంటి ముందు అమ్మకం బోర్డు ఎండాకాలమంతా అలాగే ఉందట. మేమూ రోజూ ఆ దారినే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం, బోర్డుకి గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్ళం అని అందర్నీ నవ్వించారు. నవ్వించారు, సరే. ఆ బోర్డు పాతినవాడు కూడా ఎవరితోనో గొంతు తగ్గించి ఇదే అని ఉంటాడు, మనవాళ్ళకే అని, ఇంగ్లీషులో.

దమయంతి పుస్తకం తెరిచింది. వేటిని బట్టి మనిషికి ఇల్లు కాదనకూడదో ఈ రాష్ట్రం రాసి పెట్టింది. మతం, జాతి, రంగు, పుట్టిన దేశం, వయసు, ఆడా మగా, పిల్లలున్నారా, పెళ్ళయిందా. వేలుపెట్టి ఒక్కొక్కటీ చదివింది. ఆ ఒక్క మాట లేదు. రాసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు, వాళ్ళ మైక్రోస్కోపు కింద ఆ స్లైడు ఎవరూ పెట్టలేదు. బుధవారం అడిగే బిట్లలో అది రాదు. రాజ్‌కి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే అంత ధైర్యం. నవంబరులో తప్పినప్పుడు ఎంత ఓదార్పుగా చెప్పాడు, అవన్నీ పరీక్ష కోసమే చెల్లెమ్మా, వాళ్ళకేం కావాలో అది పెట్టేసి వచ్చెయ్, పరీక్షలో రాసేది ఒకటి, బయట చేసేది ఒకటి. శ్యామ్‌సుందర్ కూడా తలూపాడు. అందరూ అలా చదువుకునే వచ్చారు కదా, గైడు కొని, బిట్లు బట్టీపట్టి, హాలు బయటికి రాగానే మెదడు దులిపేసుకుని. దమయంతి అలా చదవలేదు. రికార్డులో లేని కణం గియ్యలేదు, ఉన్న కణం చెరపలేదు. పాస్ కావడానికి ఒక జవాబు, పక్కవీధిలో ఇంకో జవాబు అయితే ఆ మొదటిది జవాబే కాదు, కాపీ. ఈ పరీక్ష రెండోసారి రాస్తున్నది మార్కుల కోసం కాదు. రాసినదాని కింద సంతకం పెట్టాలి కాబట్టి. భయం కాదది. ఏమనుకుంటున్నారు వీళ్ళు, నలభై ఒక్కేళ్ళ మనిషి ముక్కు మీద కొత్త కళ్ళజోడు పెట్టుకుని, అన్నం వార్చే టైములో తాకట్టు చట్టాలు చదివేది, రాజ్ గారి కోటు పక్కన చీర కట్టుకుని నిలబడి, మీ ఇంటిపేరేంటండీ అని తీయగా అడగడానికా. ఆయన అడిగితే ముతకగా ఉంటుంది, ఆడమనిషి అడిగితే ఆప్యాయంగా ఉంటుంది. అందుకే కావాలి తను. చేతికి బరువు తెలియని స్టీరింగ్. తిప్పుతున్నట్టే ఉండకూడదు.

ఫోన్ తీసింది. మిసెస్ కవల్‌స్కీ నార్త్‌విల్‌లో ఒక బేకరీ పైన చిన్న ఆఫీసు నడుపుతుంది, క్లాసు ఆఖరిరోజు అందరికీ కార్డులిచ్చింది, దమయంతికి ఇస్తూ మాత్రం, నువ్వు ప్రశ్న మొత్తం చదివి జవాబు చెప్తావు, అలాంటివాళ్ళు నాకు కావాలి అంది. అప్పుడు మర్యాదకి అన్నదేమో అనుకుంది. ఆవిడ రెండో రింగుకే ఎత్తింది. దమయంతి ఇంగ్లీషులో, తొందరపడకుండా, తనని తన పేరుతో గుర్తుచేసింది. ఒక్కటే అడిగింది. ఫలానావాళ్ళకే అమ్మాలని ఇంటివాళ్ళు చెవిలో చెప్తే మీ ఆఫీసులో ఏం చేస్తారు. అవతల సుద్దముక్కలాంటి గొంతు, ఆ ఇల్లు మేం తీసుకోం, వాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకుంటే తీసుకుంటాం అంది. ఫలానావాళ్ళంటే ఎవరు అని ఆవిడ అడగలేదు. అడగకపోవడమే దమయంతికి నచ్చింది. లైసెన్స్ రాగానే మీ దగ్గరే చేరతానంది.

పిల్లలు తలుపులు తోసుకుని బయటికొచ్చారు, బుగ్గలు ఎర్రగా, స్కేట్లు మెళ్ళో వేసుకుని. మృదుల వెనకసీట్లో కూలబడి, "అమ్మా, నేను సో హంగ్రీ ఉన్నా. డిన్నర్ ఏంటి?" అంది. వంకాయ కూర, చారు అని చెప్పింది దమయంతి. అద్దం మీది మంచంతా వైపర్‌తో ఒక్కసారి తుడిచి, వ్యాన్ రోడ్డెక్కించింది. దారిలో కామేశ్వరి గారి వీధి మలుపు వచ్చింది. తిరగలేదు, చూసింది. వాకిట్లో మంచు ఎవరో శుభ్రంగా ఎత్తిపోశారు. బోర్డు ఇంకా పాతలేదు.

శనివారం కదా, రాత్రి భోజనాల దగ్గర రాజ్ మంచి హుషారు మీద ఉన్నాడు. వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ, రేణు వచ్చేదాకా ఈ ఇల్లే తన అన్నపూర్ణ అన్నాడు. కామేశ్వరి గారు కాయితాలకి సిద్ధంగా ఉన్నారని, కొనేవాళ్ళు కూడా ఇద్దరు చూపులో ఉన్నారని, ఇద్దరూ మనవాళ్ళేనని, నువ్వు బుధవారం పాసవడమే తరవాయి చెల్లెమ్మా, మొదటి ఇల్లు వాకిట్లోకి నడిచొచ్చినట్టే అన్నాడు. శ్యామ్‌సుందర్ భార్య వైపు గర్వంగా చూశాడు. పొద్దున్న పిండి సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు, ఆ చూపులో నిజంగా ప్రేమే ఉంది, అదే కష్టం. దమయంతి అందరికీ చారు పోసింది. తను కూడా పోసుకుని కూర్చుంది. కూర్చుని చెప్పాలనుకుంది, నిలబడి వడ్డిస్తూ చెప్పేది ఎవరికీ గుర్తుండదు.

"బుధవారం పరీక్ష రాస్తున్నాను," అంది. "లైసెన్స్ వచ్చాక మిసెస్ కవల్‌స్కీ ఆఫీసులో చేరుతున్నాను. సాయంత్రం మాట్లాడాను. అన్నయ్యగారి ఆఫీసులో చేరను."

రాజ్ చెయ్యి అప్పడం మీద ఆగింది. మృదుల ఒక చెవిలోంచి హెడ్‌ఫోన్ తీసింది.

"కామేశ్వరి గారికి రేపు నేనే ఫోన్ చేస్తాను. ఎవరికి అమ్మాలో చెప్పి అమ్మే ఇల్లయితే నాకు వద్దంటాను. ఆవిడ వేరే ఏజెంటుకిచ్చినా సరే, ఆ ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజు చూడటానికి నేను తీసుకెళ్ళే మొదటి మనిషి అనురాధ. మెట్ల కింద గది దాకా చూపిస్తాను. నచ్చితే కొంటుంది, లేకపోతే లేదు."

శ్యామ్‌సుందర్ కంచంలోంచి తల ఎత్తాడు. "మరి నేను రాజ్‌కి మాటిచ్చాను కదా," అన్నాడు, కోపంగా కాదు, దారి తప్పినవాడిలా.

"మాట మీరిచ్చారు. లైసెన్స్ మీద పేరు నాది."

రాజ్ చిన్నగా నవ్వాడు. పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో, ఆవేశపడకు చెల్లెమ్మా, ఇది మన అందరి మంచికోసమే, వాళ్ళ చట్టంలో ఇలాంటివి ఎక్కడా లేవు, కావాలంటే పుస్తకం చూసుకో అన్నాడు. చూశాను, లేదు, అంది దమయంతి. చట్టంలో లేకపోయినా తను చెయ్యనంది. అప్పుడాయన ముందుకి వంగి గొంతు తగ్గించాడు.

"అసలు ఆ అమ్మాయి ఇంటిపేరేమిటో తెలుసా నీకు?"

దమయంతి గొంతు తగ్గించలేదు.

"ఇల్లు కొన్నాక మెయిల్‌బాక్స్ మీద రాసుకుంటుంది అన్నయ్యగారూ. అప్పుడు చదువుకోండి."